ఎక్కడికని అడగని పేట

సత్తియ్య మనుషుల్ని అమ్ముతాడని రేవుపేటలో ఒక మాట పుట్టింది. ఎవరి నోట పుట్టిందో తెలియదు గానీ, పెరిగి పెద్దదయింది మాత్రం ఎండుచేపలమ్మే పాపాయి గంప దగ్గర. నెత్తళ్ళు దోసిలితో ఎత్తి తక్కెట్లో పోస్తూ పాపాయి వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పేది. "ఇద్దరెళ్ళేరు, ఒక్కడొచ్చేడు. రెండోవాడు ఏ లంకలో ఉన్నాడో ఆ తెరచాపల ముసలాణ్ణే అడగండి."

పోయినేడు జనవరిలో సత్తియ్య తాళ్ళరేవులో కట్టిన పెద్ద తెరచాపల ఓడ ఎక్కి వెళ్ళాడు. సూరమ్మ పెద్దకొడుకు చినబాబుని వెంటబెట్టుకుని వెళ్ళాడు. పదకొండు నెలలు దీవులన్నీ తిరిగి డిసెంబరులో ఒక్కడే వచ్చాడు. చినబాబేడని సూరమ్మ అడిగితే, ఉన్నాడు, బాగానే ఉన్నాడు అన్నాడు తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. అంతకు రెండేళ్ళ ముందు పక్క ఊరి కుర్రాడొకడు కంప్యూటరు ఉద్యోగమని ఏజెంటు మాట నమ్మి కంబోడియా వెళ్ళి, ఒక బిల్డింగులో ఏడాది బందీగా ఉండి, పుల్లలా ఎండిపోయి తిరిగొచ్చాడు. ఆ కుర్రాణ్ణి కళ్ళారా చూసినవాళ్ళకి ఏ మాటయినా నమ్మేలాగే ఉంటుంది. దీవుల్లో మనుషుల్ని దింపి వస్తే తలకింతని ఇస్తారట అన్నారు. తెరచాపల ఓడ వట్టి నాటకమన్నారు. ఇంజన్లున్న రోజుల్లో గాలిని నమ్ముకుని ఊరూరా తిరిగే పిచ్చివాళ్ళెవరన్నారు.

ఈ మాటలన్నీ వీరదుర్గ చెవిన పడుతూనే ఉన్నాయి. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించి తల్లి ఆమెను రొయ్యల షెడ్డులో పనికి పెట్టింది. అక్కడ మూడేళ్ళు తలొంచుకుని రొయ్యల తలలు తీసి తీసి, నలుగురిలో గొంతెత్తడం ఆమెకు అలవాటు కాకుండా పోయింది. చూపు మాత్రం చురుకు. ఎవరు ఏ కాలికి చెప్పు ముందు విడుస్తారో కూడా చెప్పగలదు. పెళ్ళయి ఏడాదిన్నర. మొగుడు సురేంద్ర, సత్తియ్య తమ్ముడి కొడుకు. సురేంద్ర తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే సత్తియ్యే పెంచాడు. రెండిళ్ళకీ ఒకటే వాకిలి. వీరదుర్గ వాకిలి ఊడ్చినప్పుడల్లా పెదమావగారి గడప ముందూ ఊడుస్తుంది, ఊడుస్తూ లోపలికి చూస్తుంది.

ఇప్పుడామెకు నిద్ర పట్టకపోవడానికి కారణం వేరే ఉంది. ఈసారి సత్తియ్య సురేంద్రని తీసుకెళ్తానంటున్నాడు. వేట నిషేధం రోజులు, బోట్లన్నీ ఒడ్డున ఉన్నాయి, మగాళ్ళందరూ ఖాళీగా ఉన్నారు. వద్దనడానికి సాకు కూడా లేదు. పౌర్ణమి వెళ్ళిన శుక్రవారం ప్రయాణం. సురేంద్ర పాస్‌పోర్టు అప్పుడే తీసుకుని సత్తియ్య తన ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ తాళం చప్పుడు వీరదుర్గ విన్నది. కంబోడియా వెళ్ళిన కుర్రాడు మొదట చెప్పింది కూడా అదే. పాస్‌పోర్టు మన దగ్గర ఉంచరు అని.

అడుగుదామంటే ఎలా అడుగుతుంది? రేవుపేటలో బయలుదేరేవాణ్ణి ఎక్కడికని అడగరు. ఆ పట్టింపు అన్ని ఊళ్ళలోనూ అంతో ఇంతో ఉంటుంది గానీ ఇక్కడ మరీ ఎక్కువ. వేటకి వెళ్ళేవాణ్ణి అడిగితే ఆ నావకి దారి మూసుకుపోతుందంటారు. ప్రయాణం ఖాయమైన రోజు నుంచీ ఇంట్లోవాళ్ళు కూడా నోరు కట్టుకుంటారు. ఇంకో పట్టింపు దీనికి తోబుట్టువులాంటిది. దూరం వెళ్తానని ఓడెక్కినవాడు పని ముగియకుండా మధ్యలో దిగి ఇంటికి వస్తే, ఆ అడుగు మంచిది కాదు. వాణ్ణే కాదు, ఆ ఇంట్లో మగవాళ్ళెవర్నీ మళ్ళీ బోటు ఎక్కనివ్వరు.

కాబట్టి సత్తియ్య, చినబాబు వెళ్ళిన రోజున పేటంతా ఒడ్డున నిలబడి చూసింది గానీ, ఏ దేశం, ఏ దీవులు, ఎన్నాళ్ళు అని ఒక్కరూ అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు. అడగని చోట పాపాయి మాట వచ్చి కూర్చుంది.

సత్తియ్య సంగతి తెలిస్తే ఆయన ఓడెక్కడం అంత వింత కాదు. ఆయన తండ్రి గోదావరి మీద తిరిగే సరుకు నావలకి తెరచాపలు కుట్టేవాడు. గుడ్డ జారకుండా అంచు పట్టుకుని కూర్చోవడం సత్తియ్య నేర్చిన మొదటి పని. పన్నెండో ఏట చేతికి దబ్బనం వచ్చింది. ఆయన చెయ్యి కుదురుకునే వేళకి నావలకి ఇంజన్లు వచ్చాయి, తెరచాపలు పోయాయి. అయినా దబ్బనం వదల్లేదు. లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టాడు. పెళ్ళి పందిళ్ళకి షామియానాలు కుట్టాడు. రొయ్యల చెరువుల గట్లకి పరిచే షీట్లు అతికించాడు. పెళ్ళాం తొందరగానే పోయింది, పిల్లల్లేరు. అరవై రెండో ఏట తాళ్ళరేవులో ఓడలు కట్టే మేస్త్రి వెతుక్కుంటూ వచ్చాడు. హాలెండు దేశపు పెద్దమనిషి ఒకాయన పాతకాలపు పద్ధతిలో చెక్క ఓడ కట్టిస్తున్నాడు, గుడ్డ ఎత్తే కొయ్యలు రెండు, తెరచాపలు ఆరు, చేత్తో కుట్టేవాడు ఈ చుట్టుపక్కల నువ్వొక్కడివే మిగిలావు అన్నాడు. తుఫాను షెల్టరు మేడ మీద గుడ్డ పరిచి సత్తియ్య నాలుగు నెలలు కుట్టాడు. సాయానికి చినబాబుని పెట్టుకున్నాడు. చినబాబు వేటకి వెళ్ళమంటే తలనొప్పని, జ్వరమని ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు గానీ, దబ్బనం పట్టాడంటే కుట్టు గీత గీసినట్టు వచ్చేది. ఓడ తయారయ్యాక దాని ముందు భాగాన 'గౌతమి' అని రాయించి, తెరచాపలు చూసుకోవడానికి ఇద్దర్నీ వెంట రమ్మన్నాడు ఆ హాలెండు ఆయన.

ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియనిదల్లా ఆ తర్వాతది.

వీరదుర్గ చూసినవి నాలుగున్నాయి. సత్తియ్యకి విదేశం నుంచి ఫోను వస్తే గోడవైపు తిరిగి మాట్లాడతాడు. సెయిల్ గుడ్, బాయ్ గుడ్, జూన్ ఓకే, ఇవే మాటలు. బాయ్ అంటే సురేంద్రేనని ఆమెకు అర్థమైంది. రెండోది, నెలకోసారి మంగళవారం పొద్దున్నే ఒక గోనె మూట భుజాన వేసుకుని నిడదవోలు వెళ్ళి సాయంత్రానికి వస్తాడు. నిడదవోలులో ఆయనకి చుట్టాల్లేరు. మూడోది, వెళ్ళేటప్పుడు మూటకి నీలం తాడు ఉంటుంది, వచ్చేటప్పుడు తెల్ల తాడు. అంటే వెళ్ళిన మూట, వచ్చిన మూట ఒకటి కాదు. ఒకసారి మంచినీళ్ళు ఇచ్చే వంకన తెల్లతాడు మూటని కాలితో నొక్కి చూసింది. మెత్తగా, బరువుగా ఉంది. అందులో ఏముందో ఊహించడానికి కూడా భయమేసింది.

నాలుగోది సూరమ్మ ఇంట్లో తెలిసింది. చినబాబు ప్రతి ఆదివారం తల్లికి ఫోను చేస్తాడు. సూరమ్మకి ఫోను వాడడం సరిగా రాదు, రీచార్జి వీరదుర్గే చేసిపెడుతుంది. ఒక ఆదివారం ఆమె అక్కడుండగానే ఫోను మోగింది. స్పీకరు పెట్టారు. ఓడ మీదున్నానమ్మా, ఇక్కడ గాలి బావుంది, చేపల కూర తిన్నాను అన్నాడు చినబాబు. గొంతు బాగానే ఉంది. కానీ ఆ గొంతు వెనక ఒక కూత వినిపించింది, పొడుగ్గా, దగ్గరికొస్తున్నట్టు. తర్వాత ఇనుము మీద ఇనుము పరుగెత్తే చప్పుడు. సూరమ్మకి అదేంటో పట్టలేదు. వీరదుర్గ పుట్టిల్లు కాకినాడలో పట్టాల పక్కనే. ఆ చప్పుడు ఆమెకు నిద్రలో కూడా తెలుస్తుంది. ఫోను పెట్టేశాక నంబరు చూసింది. మామూలు పదంకెల నంబరు, ఇక్కడిదే.

సముద్రం మీద రైలు నడవదు. చినబాబు ఓడ మీద లేడు. మరి లేనివాడు ఉన్నానని ఎందుకు చెప్తున్నాడు? కంబోడియా కుర్రాడు కూడా ఏడాదంతా తల్లికి బాగానే ఉన్నానని చెప్పాడు. వెనక ఒక మనిషి నిలబడి చెప్పించేవాడట.

ఇంటికొచ్చి సురేంద్రకి చెప్పబోయింది. మొదటి ముక్క పూర్తవకుండానే సురేంద్ర అన్నం కంచం పక్కకి జరిపాడు. "పెదనాన్న వేలు పట్టుకుని నడక నేర్చుకున్నానే నేను. ఆయన్ని అనుమానిస్తే నన్ను అనుమానించినట్టే," అన్నాడు. ఆమె కంచం మళ్ళీ ముందుకి జరిపింది. శుక్రవారానికి పన్నెండు రోజులే ఉన్నాయి. మధ్యలో సత్తియ్య నిడదవోలు వెళ్ళే మంగళవారం ఉంది.

ఆ మంగళవారం సత్తియ్య నీలంతాడు మూట భుజాన వేసుకుని ఆటో ఎక్కగానే, వీరదుర్గ కూడా చెప్పులేసుకుని బయల్దేరింది. ఎవరైనా అడిగితే చెల్లెలి దగ్గరికని చెప్దామనుకుంది. దారిలో పాపాయి ఎదురైంది, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఎదురయ్యారు. ఒక్కరూ అడగలేదు. రేవుపేటలో ఆ పట్టింపు మొదటిసారి ఆమెకు పనికొచ్చింది.

కాకినాడలో రైలెక్కింది. ముఖానికి మాస్కు, తలమీద కొంగు. సత్తియ్య ముందు పెట్టెలో, ఆమె ఆడవాళ్ళ పెట్టెలో. సామర్లకోట, ద్వారపూడి, రాజమండ్రి. ప్రతి స్టేషన్లోనూ తల బయటికి పెట్టి ఆయన దిగాడేమోనని చూసింది. గోదావరి వంతెన మీద అందరూ నదిలోకి చిల్లర విసిరి దణ్ణం పెట్టుకున్నారు. ఆమె దణ్ణం పెట్టుకుందిగానీ ఏమని మొక్కుకోవాలో తోచలేదు. మొగుడు వెళ్ళకూడదనా, వెళ్తే రావాలనా?

నిడదవోలులో ఆయన దిగాడు. రైలు గేటు దాటి, ఎడమకి తిరిగి, వెనక్కి ఒక్కసారి కూడా చూడకుండా నడిచాడు. ఆమె ముప్ఫై అడుగుల వెనక నడిచింది. గేటు పక్కనే ఒక రేకుల షెడ్డు, మీద 'సామ్యేలు టెంట్ హౌస్' అని బోర్డు. బయట ఇనప కుర్చీల దొంతరలు, వెదురు బొంగులు, ఎర్ర పసుపు షామియానాల కట్టలు. సత్తియ్య లోపలికి వెళ్ళిపోయాడు. ఆమె కుర్చీల దొంతర చాటున నిలబడి, ఇప్పుడేం చేయాలో తెలియక, చెమట తుడుచుకుంటూ ఉంటే వెనకనుంచి ఒకావిడ వచ్చింది. సామ్యేలు గారి భార్య సంపూర్ణమ్మ, చేతిలో టీ గ్లాసుల ట్రే.

"ఏం కావాలమ్మా, షామియానాకా? పెళ్ళికా, ప్రార్థన కూటానికా?"

వీరదుర్గ తల అడ్డంగా ఊపింది, తర్వాత నిలువుగా ఊపింది.

"ఎండలో నిలబడితే పెళ్ళవుద్దేంటి, లోపలికి రండి," అని సంపూర్ణమ్మ ఆమెని నడిపించుకుని లోపలికి తీసుకెళ్ళింది. "సత్తియ్యగారండీ, మీ పని అయ్యాక ఈ అమ్మాయి బేరం చూడండి, నాకు పొయ్యి మీద పాలున్నాయి."

షెడ్డు నేలంతా మీగడ రంగు గుడ్డ పరిచి ఉంది. ఎంత పెద్దదంటే గోడల దాకా వెళ్ళి మడత పడింది. ఆ గుడ్డ నడుమ, అరచేతికి తోలు పట్టీ కట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, దబ్బనం లాగుతూ చినబాబు. ఒళ్ళు చేశాడు. తాళాలు లేవు, కాపలావాళ్ళు లేరు. పక్కన చిన్న రేడియో పాడుతోంది. సత్తియ్య తెచ్చిన నీలంతాడు మూట విప్పి ఉంది, అందులోంచి కొత్త గుడ్డ తాను బయటికి వచ్చి ఉంది. గోడవార తెల్లతాడు కట్టిన మూట ఒకటి ఉంది, దాన్లోంచి కుట్టు పూర్తయిన అంచు కనిపిస్తోంది. తను కాలితో నొక్కి చూసింది ఇలాంటిదాన్నేనని ఆమెకు అర్థమైంది.

ఆమె మాస్కు తీసింది.

"అమ్మకి చెప్పకు వదినా," అన్నాడు చినబాబు.

మిగిలింది ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. చినబాబుకి సముద్రం పడదు. ఈనాటిది కాదు, పదేళ్ళప్పుడు తండ్రి మొదటిసారి పడవెక్కించిన రోజునుంచీ అంతే. ఒడ్డు దాటగానే కడుపులో తిప్పుతుంది. నిమ్మకాయ వాసన చూశాడు, అల్లం నమిలాడు, చింతపండు చప్పరించాడు. వల చూస్తున్నట్టు అంచు మీదికి వంగి ఎవరికీ తెలియకుండా కక్కుకునేవాడు. బద్ధకస్తుడని పేరు పడితే పడనీ అనుకున్నాడు గానీ, తాత ముత్తాతల నుంచీ సముద్రం మీద బతికిన ఇంట్లో ఈ సంగతి ఎవరికని చెప్తాడు? పెద్ద ఓడ కదలదులే అనుకుని ఎక్కాడు. చెక్క ఓడ కదిలినట్టు మరేదీ కదలదు. కాకినాడ నుంచి అండమాను చేరేసరికి పది రోజులు పట్టింది. నాలుగో రోజునుంచి మంచినీళ్ళు కూడా లోపల నిలవలేదు. పోర్టుబ్లెయిరులో డాక్టరు పరీక్షచేసి, మళ్ళీ ఓడెక్కితే ప్రాణానికి మాది పూచీ కాదన్నాడు. హాలెండు ఆయనే టిక్కెట్టు కొని విమానంలో చెన్నై పంపించాడు.

అక్కడినుంచి ఇంటికి రావచ్చు. వస్తే మధ్యలో దిగినవాడవుతాడు. తమ్ముడు వేరేవాళ్ళ బోటు మీద పని చేస్తున్నాడు, వాణ్ణీ దింపేస్తారు. సూరమ్మ ఇల్లు గడిచేది ఆ తమ్ముడి మీదే. ఓడలోంచి సత్తియ్య ఫోను చేసి, తను షామియానాలు కుట్టిపెట్టే సామ్యేలుగారి దగ్గరికి వెళ్ళమన్నాడు. సముద్రానికి దూరంగా, ఎవరూ ఎరగని చోట ఉండు, గౌతమి పై ఏడాది కాక ఆ పై ఏడాది జనవరిలో, నీళ్ళు చొరకుండా చెక్కల సందుల్లో దూది కూరడానికి కాకినాడ వస్తుంది, ఆ రోజు రేవుకొచ్చి మాతోపాటు దిగినట్టు దిగి ఇంటికి పద అన్నాడు. ఈలోగా ఊరికే ఉండడమెందుకని ఓడకి కావలసిన అదనపు తెరచాప పని కూడా తెచ్చి ఇస్తున్నాడు. తెచ్చిన గుడ్డ నీలంతాడుతో వస్తుంది, కుట్టిన ముక్క తెల్లతాడుతో వెళ్తుంది.

"పేటలో మిమ్మల్ని ఏమంటున్నారో తెలుసా మావయ్యా?" అంది వీరదుర్గ.

"చెవుల్లేవనుకున్నావా," అన్నాడు సత్తియ్య. "ఆ మాట నామీద ఉన్నంతకాలం ఈడిమీదికి ఎవడి చూపూ పోదు. నాకేంటి పోయేది? పిల్లనివ్వాలా నాకెవరైనా?"

చినబాబు నవ్వాడు. వీరదుర్గకి నవ్వు రాలేదు. ఒక అనుమానం తీరింది, ఇంకోటి మిగిలే ఉంది.

తిరుగు రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. మీ తమ్ముడి కొడుకుని ఎక్కడికి తీసుకెళ్తున్నారని ఆమె అడగలేదు. పోయినసారి ఎక్కడికి వెళ్ళారని అడిగింది. ముగిసిన ప్రయాణం గురించి అడిగితే తప్పు లేదు. పదకొండు నెలలు తిరిగొచ్చాక ఆ మాట సరిగ్గా అడిగిన మనిషి ఆమె ఒక్కతే కాబోలు, సత్తియ్య కిటికీవైపు నుంచి ఇటు తిరిగి కూర్చున్నాడు.

అండమాను దాటాక దీవులు నీళ్ళలోంచి గోడల్లా నిలువుగా లేచి ఉంటాయన్నాడు. థాయిలాండు వైపు. వాటి మీద ఊళ్ళుండవు, పిట్టలుంటాయి. ఓడలో దీవులు చూడ్డానికొచ్చిన ఎనిమిదిమంది దొరలూ దొరసానులూ, కొరియా నుంచి కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి. దీవి కనపడగానే వాళ్ళు నీళ్ళలోకి దూకేవారు. ఈయన లంగరు వేసిన ఓడ మీద కూర్చుని, ముందురోజు గాలికి విప్పుకుపోయిన కుట్టు మళ్ళీ వేసేవాడు. మొత్తం పదిహేడు దీవుల దగ్గర ఆగారు, ఆయన కాలు పెట్టింది అయిదింటిలోనే. లంకావి అనే చోట మడ అడవులు చూసి మన కోరంగి అడవికే వచ్చేశాననుకున్నాడు. అవే చెట్లు, అవే వేళ్ళు, అదే బురద వాసన. పీతలు కూడా అలాగే పక్కకే నడుస్తున్నాయన్నాడు. తర్వాత ఇనప ఓడలు ఒకదాని వెనక ఒకటి లారీల్లా పోయే సన్నటి సముద్రం. అందులో గాలి చచ్చిపోతే ఇంజను వేసుకుని బయటపడ్డారు. ఆ తర్వాత ఇండోనేషియా. అక్కడ దీవులకి లెక్క లేదు. ఒక దీవి ఇంకా కనపడకుండానే లవంగాల వాసన వచ్చిందన్నాడు. చాపల మీద లవంగాలు ఎండబోసి, మనవాళ్ళు మిరపకాయలు తిప్పినట్టు కాలితో తిప్పుతున్నారట.

సులవేసి అనే దీవిలో ఒడ్డునే చెక్క ఓడలు కడతారు, అచ్చం తాళ్ళరేవులాగే. అక్కడొక ముసలామె వల బాగుచేస్తూ ఈయన తెరచాప కుట్టడం చూసింది. మాట తెలియదు. లేచి వచ్చి, ఈయన వేసిన ముడి విప్పేసి, తను ఒక ముడి వేసి చూపించింది. ఈయన దాన్ని లాగి చూశాడు. బిగువుగా ఉంది. ఆ సాయంత్రం మొత్తం కొత్త ముడితోనే కుట్టాడు. అరవై మూడేళ్ళొచ్చాక దబ్బనం పట్టడం మళ్ళీ నేర్చుకున్నానని చెప్పి, ఆయన సంచీలోంచి పురికొస ముక్క తీసి ఆ ముడి వేసి వీరదుర్గ చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని చూస్తూ కూర్చుంది. వల ముళ్ళు ఆమెకు తెలుసు. ఈ ముడి ఆమె ఎరిగినది కాదు, చుట్టుపక్కల ఎవరూ వేసేది కాదు. ఇంట్లో కూర్చుని కల్పించడానికి వీలులేని వస్తువు అదొక్కటే ఆమెకు దొరికింది.

"మరి పాస్‌పోర్టు పెట్టెలో పెట్టి తాళమెందుకేశారు?" అంది చివరికి.

సత్తియ్య ఆమెకేసి వింతగా చూశాడు. "మీ ఇంట్లో ఎలకలున్నాయి కదే," అన్నాడు.

రాజమండ్రి దాటాక పుట్టింది ఆమెలో ఒక ఆలోచన. శుక్రవారం సురేంద్ర కూడా ఎవరూ అడగకుండానే, ఏమీ చెప్పకుండానే వెళ్ళిపోతాడు. మర్నాటినుంచి పాపాయి గంప దగ్గర ఇద్దరెళ్ళేరన్న మాట ముగ్గురెళ్ళేరని మారుతుంది. ఒక్కో ఆదివారం తను ఫోను పట్టుకుని, వెనక ఏం చప్పుడు వస్తోందోనని చెవి రిక్కించి వింటూ బతకాలి. చినబాబు సంగతి బయటపెడితే పాపాయి నోరు ఒక్క పూటలో మూతపడుతుంది. కానీ సూరమ్మ చిన్నకొడుకు బోటు దిగుతాడు. కాబట్టి ఆ దారి లేదు.

శుక్రవారం పొద్దున్న పేటంతా వాకిట్లోకి వచ్చింది. సత్తియ్య భుజాన తెల్లతాడు మూట, సురేంద్ర చేతిలో ఎర్ర సూట్‌కేసు. ఆటో ఆగి ఉంది. పాపాయి ముందు వరసలో, నడుము మీద చెయ్యి వేసుకుని మూటనే చూస్తోంది. సూరమ్మ కొడుక్కని పంపిన ఎండు రొయ్యల పొట్లం సత్తియ్య జేబులోంచి కనిపిస్తోంది. అందరూ చూస్తున్నారు, ఎవరూ మాట్లాడ్డం లేదు. సురేంద్ర ఆటోలో కాలు పెట్టాడు.

"ఎక్కడికి వెళ్తన్నారు?" అంది వీరదుర్గ.

గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. ఒకావిడ నోటిమీద చెయ్యేసుకుంది. సురేంద్ర కాలు వెనక్కి తీసుకున్నాడు, ముఖం తెల్లబోయింది. బుద్ధిలేని పిల్లని కట్టుకున్నావురా అని వెనక ఎవరో సణిగారు. వీరదుర్గ పురికొస ముడి పిడికిట్లో బిగించి పట్టుకుంది.

"ఎక్కడికి, ఎన్నాళ్ళు, ఎప్పుడొస్తారు. చెప్పి వెళ్ళండి. నేనడిగినందుకు దారి మూసుకుంటే ఆ పాపం నాది."

సత్తియ్య మూట దింపాడు. ఆయనకి కోపమొస్తుందని అందరూ ఎదురు చూశారు. ఆయన ఒక్కసారి ఆమె ముఖంకేసి, ఒక్కసారి పాపాయి ముఖంకేసి చూసి, మూట మీదే కూర్చున్నాడు. తర్వాత పేటంతా వినేలాగా చెప్పడం మొదలుపెట్టాడు. చెన్నై దాకా రైలు. అక్కడినుంచి విమానంలో ఇండోనేషియా. పోయిన డిసెంబరులో నా పని ముగించుకుని వదిలొచ్చిన గౌతమి సులవేసిలోనే లంగరు మీద ఉంది. అక్కడినుంచి దీవుల వెంట బూటన్, వాకటోబి, బండా, ఫ్లోరెస్, సుంబావా, లాంబోక్, బాలి. తర్వాత పైకి వచ్చి పెనాంగు, లంకావి, అండమాను. ఒక్కో పేరు చెప్తూ ఒక్కో వేలు ముడిచాడు. జనవరి మొదటి వారానికి కాకినాడ రేవు. అప్పటికి ముగ్గురం దిగుతాం అన్నాడు.

"ముగ్గురా?" అంది పాపాయి.

"నేను, సురేంద్ర, చినబాబు. లెక్క రాదా నీకు, ఇన్నేళ్ళు తక్కెడ పట్టుకుని?"

ఎవరో నవ్వారు. సూరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. సత్తియ్య లేచి మూట ఎత్తుకున్నాడు. సురేంద్ర ఆటో ఎక్కుతూ భార్యకేసి చూశాడు. కోపమో మరొకటో ఆమెకు తెలియలేదు, కానీ ఆటో మలుపు తిరిగేదాకా తల బయటికి పెట్టి వెనక్కే చూస్తూ వెళ్ళాడు.

పాపాయి ఊరుకోలేదు. అన్ని పేర్లు అంత గడగడా చెప్పాడంటే బట్టీ పట్టినవేనంది. ఆ మూట బరువు చూశారా, అందులో ఏముందో ఆ అమ్మవారికే తెలియాలంది. వీరదుర్గ చీపురు తీసుకుని రెండు గడపల ముందూ ఊడ్చింది. ఆదివారం నాడు సూరమ్మ ఇంటికి వెళ్ళి, ఫోను మోగగానే స్పీకరు నొక్కి, రైలు కూత వచ్చేసరికి గట్టిగా దగ్గింది.

ఆ మూటలో ఉన్నది గౌతమికి ఏడో తెరచాప. దాన్ని నిడదవోలు రైలు గేటు పక్కన చినబాబు కుట్టాడు. చినబాబుకి పడవెక్కితే వాంతులు.